మిడ్‌సైజ్ సెడాన్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది గేర్‌బాక్స్

హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. ఈ నాలుగు కార్ల బ్రోషర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే పెద్ద తేడా కనిపించదు. అన్నీ నాలుగున్నర మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఏ ఇంజనూ ఒకటిన్నర లీటరు దాటదు. పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ సిటీని పక్కన పెడితే అన్నిటి డిక్కీ 500 లీటర్ల పైనే. ఎక్స్‌షోరూం ధర పది లక్షల దగ్గర మొదలై ఇరవై లక్షల చుట్టుపక్కల ఆగుతుంది. కింద సస్పెన్షన్ కూడా ఒకే తరహా: ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్.

ఇంత పోలిక రావడానికి చాలావరకు కారణం పన్ను. మొన్నటిదాకా నాలుగు మీటర్లు దాటిన సెడాన్‌కు ఇంజన్ 1500 సీసీ లోపు ఉంటే జీఎస్టీ, సెస్ కలిపి 45 శాతం, దాటితే 48 శాతం పడేది. కంపెనీలన్నీ ఆ గీత దగ్గరే ఆగిపోయాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ తీసేసి ఈ కార్లన్నిటికీ 40 శాతం చేశారు. ధర తగ్గినమాట నిజమే కానీ, అదే రోజు డిజైర్ లాంటి నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ సెడాన్ల మీద పన్ను 29 నుంచి 18 శాతానికి దిగింది. అంటే చిన్న సెడాన్‌కూ మిడ్‌సైజ్ సెడాన్‌కూ మధ్య పన్ను తేడా 16 పాయింట్ల నుంచి 22 పాయింట్లకు పెరిగింది. డిజైర్ వదిలి సిటీకో వెర్నాకో వెళ్లాలంటే ఇప్పుడు మునుపటికన్నా గట్టి కారణం కావాలి.

ఆ కారణం ఇంజన్ మాత్రం కాకపోవచ్చు. వెర్నా టర్బో ఇంజన్ పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి వచ్చే కియా సెల్టోస్‌లోనూ ఉంది. స్లావియా ఇంజన్లు కుషాక్‌లో, వర్టస్ ఇంజన్లు టైగూన్‌లో, సిటీ పెట్రోల్ ఇంజన్ ఎలివేట్‌లో దొరుకుతాయి. దేశంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో సగానికి పైగా ఎస్‌యూవీలే అయిన ఈ రోజుల్లో ఇంకా సెడాన్ వైపు చూసేవారికి కావాల్సింది వేరే: రోడ్డుకు దగ్గరగా కూర్చోవడం, మలుపులో బండి పక్కకు ఒరగకపోవడం, వందలో వెళ్తున్నా గాలి హోరు తక్కువగా ఉండటం. బరువు కిందికి ఉన్న బండి కాబట్టి సస్పెన్షన్‌ను మరీ బిగించకుండానే నిలకడగా ఉంచవచ్చు. గాలికి అడ్డం పడే ముందు భాగం తక్కువ కాబట్టి హైవే మైలేజీ కూడా కలిసొస్తుంది. ఒకే ఇంజన్ ఉన్న సెడాన్‌నూ ఎస్‌యూవీనీ ఒకే రోజు నడిపి చూస్తే ఈ తేడా పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక ఈ నాలుగింటిలో దేన్ని ఎంచుకోవాలన్న చర్చ ఎక్కువగా సన్‌రూఫ్, స్క్రీన్ సైజు, ఎయిర్‌బ్యాగుల లెక్క చుట్టూ తిరుగుతుంది. నడిపేటప్పుడు కలిగే హాయి, అయిదారేళ్ల తర్వాత వచ్చే ఖర్చు, తిరిగి అమ్మేటప్పుడు పలికే ధర మూడూ కలిసే చోటు మాత్రం ఒకటే. అది గేర్‌బాక్స్.

కాలి కింద ఏముంది

సిటీ పెట్రోల్‌కు టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే ఏర్పాటు, లేదు. 121 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి 6600 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, 145 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) 4300 దగ్గర వస్తాయి. పూర్తి బలం కావాలంటే ఇంజన్‌ను పైదాకా తిప్పాల్సిందే. మాన్యువల్ గేర్‌తో అయితే అదొక సరదా. మూడో గేరులో లాగుతుంటే ఇంజన్ శబ్దం మారుతూ పోవడం ఇష్టపడేవారు ఇప్పటికీ ఉన్నారు.

అదే ఇంజన్‌కు సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తగిలించగానే స్వభావం మారిపోతుంది. సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు నిష్పత్తిని మార్చుకుంటూ పోతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు శబ్దం లేస్తుంది, వేగం తర్వాత తీరిగ్గా వస్తుంది. నడపడాన్ని ఆస్వాదించేవారికి ఇది చిరాకు. మెత్తగా తొక్కేవారికి మాత్రం అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా ఒక్క కుదుపు కూడా లేకుండా తీసుకెళ్లే బండి ఇదే. సీవీటీ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం దాన్ని మరో గేర్‌బాక్స్‌లా నడపబోవడం వల్ల వచ్చేవే.

వెర్నా పేరు ఒకటే అయినా లోపల రెండు వేర్వేరు కార్లున్నాయి. 115 పీఎస్ మామూలు ఇంజన్, దానికి ఐవీటీ పేరుతో వచ్చే సీవీటీ తరహా గేర్‌బాక్స్ ఒక కారు. 160 పీఎస్ టర్బో, ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఇంకో కారు. టర్బోలో 253 న్యూటన్ మీటర్ల టార్క్ 1500 ఆర్పీఎం నుంచి 3500 దాకా అందుతుంది. రోజూ వాడే వేగాలన్నీ ఆ పరిధిలోనే ఉంటాయి కాబట్టి ఇంజన్‌ను ఏడిపించాల్సిన పనే ఉండదు. స్లావియా, వర్టస్‌లలోని 1.5 లీటర్ల టీఎస్ఐ (టర్బో పెట్రోల్) ఇంజన్ కూడా ఇంచుమించు ఇంతే: 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. లోడ్ తక్కువగా ఉన్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండింటికి పెట్రోల్ ఆపేసే ఏర్పాటు కూడా దీనికి ఉంది.

ఈ టార్క్ తేడా విజయవాడ హైవే మీద పెద్దగా తెలియదు. నాలుగు వరుసల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయడానికి తొందర అక్కర్లేదు. తెలిసేది నల్లమలలో శ్రీశైలం వెళ్లే రెండు వరుసల రోడ్డు మీద. కారు నిండా మనుషులు, ఏసీ వేసి ఉంది, ముందు లోడు లారీ నలభైలో పోతోంది, ఎదురుగా కొన్ని సెకన్ల ఖాళీ దొరికింది. టర్బో కారు ఆ ఖాళీని వాడుకుంటుంది. సిటీ సీవీటీ డ్రైవర్ ఇంకో ఖాళీ కోసం ఆగడమే మంచిది. ఇలాంటి రోడ్ల మీద ఏడాదికి రెండుసార్లు తిరిగేవారు దీనికోసం లక్షలు ఎక్కువ పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

స్లావియా, వర్టస్‌లలో ఎక్కువమంది కొనగలిగేది 1.0 టీఎస్ఐ. మూడు సిలిండర్లు, 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు. మాన్యువల్‌లో దీనికో బలహీనత ఉంది. ఆర్పీఎం 1700 దాటేదాకా ఇంజన్ మత్తుగా ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. ట్రాఫిక్‌లో రెండో గేరు వేసి మెల్లగా పాకించాలంటే క్లచ్ మీదే కాలుండాలి. అదే ఇంజన్‌కు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వస్తే ఈ లోపం దాదాపు కనబడదు. ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ఆయిల్ ద్వారా బలం బదిలీ అవుతుంది కాబట్టి మొదలయ్యే దగ్గర మెత్తదనం దానంతట అదే వస్తుంది. నగర ట్రాఫిక్, హైవే రెండూ సమానంగా ఉన్నవారికి ఈ నాలుగు కార్లలో అన్నిటికన్నా తెలివైన ఆటోమేటిక్ ఇదే అనిపిస్తుంది. షోరూంలో దీని గురించి పెద్దగా చెప్పరు. పై వేరియంట్ చూపించడం మీదే వాళ్ల ధ్యాస.

స్టీరింగ్, సస్పెన్షన్ దగ్గర యూరప్ జంటది పైచేయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల చుట్టు, గరిష్ఠ వేగ పరిమితి ఇప్పుడు 120. అక్కడ స్లావియా, వర్టస్ రోడ్డును పట్టుకుని పోతాయి, స్టీరింగ్‌ను పదే పదే సరిచేయాల్సిన అవసరం రాదు. వీటి గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు. సిటీ, వెర్నాలకు 165. ఈ 14 మిల్లీమీటర్లు కాగితం మీద చిన్నవే, కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం కాదు. అయిదుగురు ఎక్కాక అడుగు తగులుతుందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

వెర్నా ఈ విషయంలో చాలా దూరం వచ్చింది. 2011లో వచ్చిన ఫ్లూయిడిక్ వెర్నా చూపులతో కట్టిపడేసింది కానీ వేగం పెరిగితే వెనక భాగం ఊగడం, స్టీరింగ్ మరీ తేలిగ్గా ఉండటం దాన్ని వెంటాడాయి. 2017 మోడల్‌లో కొంత, 2023 మోడల్‌లో ఇంకొంత సరిచేశారు. ఇప్పటి వెర్నాను హైవే మీద నమ్మవచ్చు. టర్బోకు వెనక కూడా డిస్క్ బ్రేకులిచ్చారు. 150 పీఎస్ ఉన్న స్లావియా, వర్టస్‌లకు వెనక డ్రమ్ములే ఉండటం ఆ ధరకు కాస్త పిసినారితనమే. సిటీ సస్పెన్షన్ గతుకుల్ని మెత్తగా మింగుతుంది. వెనక సీటులో పెద్దవాళ్లు కూర్చునే ఇళ్లలో ఈ గుణానికి మార్కులు ఎక్కువ పడతాయి.

చూపుల ఖరీదు ఎవరు కడతారు

అందం విషయంలో అందరూ ఒకే మాట మీదకు రావడం జరగని పని. కానీ ఒక డిజైన్ వల్ల కారులో ఎవరికి ఏ ఇబ్బంది వస్తుందో చెప్పవచ్చు. 2023 వెర్నా ముందు బానెట్ అంచున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లైట్ పట్టీ, వెనక కూడా అంతే. పైకప్పు వెనక్కి జారుతూ కూపే కారులా డిక్కీలో కలిసిపోతుంది. రోడ్డు మీద తల తిప్పి చూసే కారు ఇదే. ఆ జారే పైకప్పు కింద వెనక కూర్చునేవారి తల మాత్రం పైన తగిలేంత దగ్గరగా ఉంటుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2670 మిల్లీమీటర్లు, నాలుగింటిలో పొడవైనది, కాబట్టి మోకాళ్లకు కావాల్సినంత చోటుంది. ఆరడుగుల మనిషికి తల దగ్గరే ఇబ్బంది.

స్లావియా, వర్టస్ పక్క నుంచి చూస్తే కవలలే. ముందు గ్రిల్, వెనక లైట్లు మారతాయి. స్లావియా కోటు వేసుకున్న ఆఫీసర్‌లా ఉంటుంది. వర్టస్ జీటీ నల్ల పైకప్పు, ఎర్ర బ్రేక్ కాలిపర్లతో కుర్రకారును పిలుస్తుంది. రెండూ పుణె దగ్గరి చాకన్‌లో ఒకే ప్లాట్‌ఫాం మీద తయారవుతాయి కాబట్టి ఈ రెండింటి మధ్య గంటలకొద్దీ తర్జనభర్జన పడటం అనవసరం. ఇంటికి దగ్గర్లో ఏ సర్వీస్ సెంటర్ బాగుందో చూసి తేల్చుకోవచ్చు.

సిటీ అయిదో తరం 2020లో వచ్చింది, 2023లో ముఖం మార్చుకుంది. చూడగానే ఆశ్చర్యపరిచేది ఏమీ లేదు. కానీ లోపల ఏసీకి మూడు గుండ్రటి నాబ్‌లు ఉంచారు. కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పకుండా చేత్తో తడిమి చలి తగ్గించవచ్చు. స్లావియా, వర్టస్ పై వేరియంట్లలో ఏసీకి టచ్ ప్యానెల్ పెట్టారు. ఫొటోలో బాగుంటుంది, గతుకుల రోడ్డు మీద వేలు ఒకచోట పెడితే ఇంకోచోట తగులుతుంది. వెర్నాలో ఒకే ప్యానెల్‌ను ఒకసారి ఏసీకి, ఒకసారి పాటలకు మార్చుకోవాలి. ఈ మూడింటిలో సిటీ పద్ధతే నడిపేవాడి గురించి ఆలోచించినది.

రంగు సంగతి కూడా. తెలుగు రాష్ట్రాల్లో తెల్ల కార్లు ఎక్కువ కనబడటానికి ఎండ ఒక కారణమైతే రీసేల్ ఇంకోటి. తెల్ల డిజైర్ అనగానే క్యాబ్ గుర్తొస్తుంది, తెల్ల సిటీ అంటే అలా అనిపించదు. మిడ్‌సైజ్ సెడాన్‌కు పెట్టే అదనపు డబ్బులో కొంత ఈ పరువుకే పోతుంది. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు, లెక్కలో రాసుకుంటే చాలు.

ఆరో ఏడు

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకో క్లచ్ ఉంటాయి. మూడో గేరులో ఉండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు కనురెప్పపాటులో అయిపోతుంది. వెర్నా టర్బో డీసీటీ, 1.5 టీఎస్ఐకి డీఎస్‌జీ పేరుతో వచ్చే గేర్‌బాక్స్ రెండూ ఇలాంటివే, పైగా పొడి క్లచ్ రకం. చుట్టూ ఆయిల్ ఉండదు, వేడిని గాలికే వదలాలి. ట్రాఫిక్‌లో అడుగడుగునా పాకుతుంటే, మాన్యువల్ కారులో మనం హాఫ్ క్లచ్ మీద ఉంచినట్టే, ఈ గేర్‌బాక్స్ కంప్యూటర్ కూడా క్లచ్‌ను సగం పట్టి సగం వదులుతూ ఉంటుంది. బయట 43 డిగ్రీల ఎండ. పైగా ఫ్లైఓవర్ ఎత్తు మీద బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఈ మూడూ కలిస్తే క్లచ్ వయసు తగ్గుతుంది.

అలాగని ప్రతి డీసీటీ చెడిపోతుందని కాదు. ముందు బండికి కాస్త ఖాళీ వదిలి, ఆ తర్వాత ఒకేసారి కదిలితే చాలావరకు వేడి తగ్గుతుంది. ఎత్తు మీద హోల్డ్ బటన్ గానీ బ్రేక్ గానీ వాడాలి. వారంటీ ఉన్నన్నాళ్లు టెన్షన్ లేదు. వారంటీ దాటాక క్లచ్ సెట్టో, గేర్లను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్టో మార్చాల్సి వస్తే అది మామూలు సర్వీస్ బిల్లులా ఉండదు. కాబట్టి ఈ గేర్‌బాక్స్ తీసుకునేవారు ఎక్స్‌టెండెడ్ వారంటీని ఆన్‌రోడ్ ధరలో భాగంగానే లెక్కేసుకోవాలి. మాన్యువల్ తీసుకునేవారు ఆ డబ్బును నాలుగు మంచి టైర్లకు దాచుకోవచ్చు.

సర్వీస్ గడువుల్లోనూ తేడా ఉంది. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లకు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది, హోండా, హ్యుందాయ్‌లకు 10,000 లేదా ఏడాది. నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగేవారికి ఎలాగూ ఏడాదికొకసారే కాబట్టి ఇది పెద్ద విషయం కాదు. సర్వీస్ సెంటర్ ఎంత దూరం అన్నదే పెద్ద విషయం. హ్యుందాయ్ సర్వీస్ చిన్న పట్టణాల్లోనూ దొరుకుతుంది. యూరప్ కంపెనీల కారు కొని జిల్లా చివర ఉండేవారు బంపర్ విరిగితే నగరం దాకా తీసుకెళ్లాల్సి రావచ్చు. హైదరాబాద్, విశాఖల్లో ఉండేవారి అనుభవం విని ఊళ్లో ఉండేవారు నిర్ణయం తీసుకోకూడదు.

భద్రత దగ్గర స్లావియా, వర్టస్, వెర్నా మూడింటికీ కార్లను ఢీకొట్టించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో అయిదు స్టార్లిచ్చింది. వెర్నా బాడీ షెల్‌ను మాత్రం అదే పరీక్ష నిలకడ లేనిదిగా నమోదు చేసింది. స్టార్ల లెక్క ఒకటే అయినా ఈ తేడా గుర్తుంచుకోవాలి. వెర్నా, సిటీలలో ఏడీఏఎస్ (ముందున్న అడ్డంకిని గుర్తించి తనంతట తానే బ్రేక్ వేసే వ్యవస్థ) వస్తుంది. రాంగ్ రూట్‌లో బైకులు ఎదురొచ్చే హైవేల మీద అది ఒక్కోసారి అవసరానికి ముందే బ్రేక్ వేస్తుంది. కెమెరా ముందు అద్దానికి ఉంటుంది కాబట్టి ఆ అద్దం పగిలితే మార్చడంతో సరిపోదు, కెమెరాను మళ్లీ సరిచేయించాలి. బీమా తీసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

బీమా అంటే ఇంకో మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు చేరిన ఇంజన్‌ను స్టార్ట్ చేయబోతే సిలిండర్‌లో నీరు నొక్కుకుపోక లోపలి రాడ్లు వంగుతాయి. మామూలు పాలసీ ఇలా జరిగిన ఇంజన్ నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. రోడ్డుకు దగ్గరగా ఉండే సెడాన్లకు ఇది తప్పనిసరి అనే చెప్పాలి.

మైలేజీ దగ్గర ఇప్పుడు అందరి ఫిర్యాదూ ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. ఆ లెక్కన మైలేజీ ఆరేడు శాతం తగ్గడం సహజమే. అంతకు మించి పడిపోతే టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, కుడికాలు ఈ మూడింటినీ అనుమానించాలి.

హైబ్రిడ్ సిటీ వేరే దారి. అందులో మామూలు గేర్‌బాక్సే లేదు. తక్కువ వేగాల్లో చక్రాలను మోటారే తిప్పుతుంది, ఇంజన్ ఎక్కువగా కరెంటు తయారు చేస్తుంది, హైవే వేగంలో ఒక క్లచ్ ఇంజన్‌ను నేరుగా చక్రాలకు కలుపుతుంది. ట్రాఫిక్‌లో దీని మెత్తదనానికి మిగతా మూడూ సాటిరావు. మోటారు టార్క్ 253 న్యూటన్ మీటర్లు, అడగ్గానే వస్తుంది. బ్యాటరీ వెనక ఉండటం వల్ల డిక్కీ మాత్రం 506 లీటర్ల నుంచి 306కు పడిపోయింది. పెళ్లికి వెళ్లే కుటుంబానికి ఈ నష్టం బాగా తెలుస్తుంది. ఇక డబ్బు లెక్క. నగరంలో ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు పెట్రోల్ సీవీటీతో లీటరుకు 12, హైబ్రిడ్‌తో 20 ఇస్తుందనుకుంటే ఏడాదికి 400 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 రూపాయల చొప్పున దాదాపు 43 వేలు. రెండింటి మధ్య ధర తేడా మూడు నాలుగు లక్షలు కాబట్టి అది తిరిగి రావడానికి ఏడు నుంచి తొమ్మిదేళ్లు పడుతుంది. బ్యాటరీకి కంపెనీ ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. డబ్బు ఆదా కోసం హైబ్రిడ్ కొనాల్సింది రోజుకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తిరిగేవారే.

నడిపే హుషారు తగ్గించి కూడా కారు అమ్మవచ్చని హోండాకు ఎప్పుడో తెలుసు. 2000 తర్వాత వచ్చిన మొదటి తరం సిటీ వీటెక్‌కు 106 హార్స్‌పవర్ ఉండేది, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ దాని పేరు తలుస్తారు. 2003లో దాని స్థానంలో వచ్చిన సిటీకి 77 హార్స్‌పవరే. మైలేజీ బాగా ఇచ్చింది, లోపల చోటుంది, రిపేర్ల గొడవ లేదు. అదీ బాగానే అమ్ముడైంది. 2014 నుంచి 2025 దాకా నడిచిన మారుతి సియాజ్ కథా ఇంతే. చివరి ఏళ్లలో 105 పీఎస్ ఇంజన్, పాతకాలపు నాలుగు గేర్ల ఆటోమేటిక్, విశాలమైన వెనక సీటు. నడిపేవాడికి ఉత్సాహం లేదు, ఉంచుకునేవాడికి తలనొప్పీ లేదు.

సెడాన్లకు గిరాకీ తగ్గడం సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారికి కలిసొచ్చింది. మూడేళ్ల వయసున్న కారు అదే వయసున్న ఎస్‌యూవీ కన్నా తక్కువ ధరకు దొరుకుతుంది. సిటీ సీవీటీ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ గడువు ప్రకారం మార్చిన రికార్డు అడగాలి. సియాజ్ అయితే ధర దగ్గరే బేరం, మిగతాది ఏ మారుతి మెకానిక్ అయినా చూస్తాడు. టర్బో డీసీటీ గానీ డీఎస్‌జీ గానీ అయితే ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద నడిపి చూసి లాభం లేదు. సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట తిప్పి, బండి బాగా వేడెక్కాక, మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణుకు వస్తోందా, ఎత్తు మీద కదిలేటప్పుడు తడబడుతోందా చూడాలి. అమ్మేవారు అంతసేపు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేసి ఇంకో బండి చూసుకోవడమే మేలు.